తూనీగ వాలిన బాణం

తెన్‌షో శకం ఏడో ఏడు, తొమ్మిదో నెల, రెండో తేదీ

తెల్లవారి వాకిలి ఊడవడానికి వెళ్తే మఠం ద్వారం దగ్గర కోట భటులు నిలబడి ఉన్నారు. గురువుగారి కోసం వచ్చారనుకుని లోపలికి పరుగెత్తబోయాను. "స్వామి కాదు, నువ్వే," అన్నారు.

దారి పొడుగునా ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటూనే నడిచాను. ఏమీ దొరకలేదు. అది మరీ భయపెట్టింది.

మంత్రి ఇసొగాయ్ గారు నిప్పుల కుండ మీద చేతులు కాచుకుంటూ కూర్చున్నారు.

"కొగకు స్వామి దగ్గర పద్యాలు కట్టే కుర్రాడివి నువ్వేనా? పేరు?"

"తొమొనొజో అండీ."

"నిరసాకి జిన్‌పచి ఈ నెలాఖరుకి కడుపు కోసుకుంటాడు. పొరుగు వంశం కురామోచి దూతలు ఎదురుగా కూర్చుని చూస్తారు. పోయే ముందు పద్యం రాయాలి కదా. జిన్‌పచికి పద్యం వచ్చా?"

పక్కనున్న ఒకాయన, "గుర్రానికి గడ్డి వేయడం వచ్చండీ," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మీ స్వామికి చూపు పోయింది. అందుకని నువ్వు కట్టు. వాడి చేత, వాడి చేతిరాతలో రాయించు. కురామోచి వాళ్ళు మనల్ని కొండ మొద్దులని వెక్కిరిస్తారు. ఈ పద్యం విని వాళ్ళ నోళ్ళు మూతపడాలి. తెలిసిందా?"

తెలిసింది. రెండు వంశాల పెద్దలు వరుసగా కూర్చుని నా మాటలు వింటారు. నాకు పదిహేడేళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు వాగు దాటానో లేదో కూడా గుర్తులేదు.

గురువుగారితో చెప్పాను. ఆయన జపమాల తిప్పుతూ విన్నారు.

"వసంతంలో రేవు దగ్గర కురామోచి ప్రభువు మేనల్లుణ్ణి బాణం వేసి పడగొట్టినప్పుడు మన ఒకితా ప్రభువు జిన్‌పచికి కత్తి బహుమతి ఇచ్చాడు, గుర్తుందా?"

"ఉందండీ."

"వేసవిలో వాళ్ళు ఉప్పు దారి మూసేశారు. ఇప్పుడు తెరిచారు. దారి తెరిచినందుకు జిన్‌పచి కడుపు అడిగారు, మనవాళ్ళు ఇచ్చేశారు. ఇన్ని ఇచ్చాక పద్యం ఒక లెక్కా. కట్టుకో నాయనా."

ఆయన మాటలో వెటకారం ఉందేమో. పెద్దవాళ్ళకు చూపు తగ్గితే మాట పదునెక్కుతుంది.

మూడో తేదీ

జిన్‌పచి గారిని మన మఠంలోనే, తూర్పు వైపు అతిథి గదిలో ఉంచారు. గుమ్మం దగ్గర ఇద్దరు కాపలా. నేను వెళ్ళేసరికి గోడకు ఆనుకుని పండిన పెర్సిమన్ పండు తింటున్నారు. గడ్డమంతా రసం.

"నువ్వట్రా నా బదులు ఏడ్చేవాడివి?"

"ఏడుపు ఉండకూడదండీ. ఏడుపు ఉంటే అది చివరి పద్యం కాదు."

"మరేముండాలి?"

"కాలం ఉండాలి. మీరు పోయే రోజున బయట ఏది ఉంటుందో అది. శరత్తులో పోయేవాళ్ళు శరత్తును చెప్పాలి, శీతాకాలంలో పోయేవాళ్ళు శీతాకాలాన్ని. కాలం తప్పితే వినేవాళ్ళు నవ్వుతారు. ప్రభువు మీద ఫిర్యాదు ఉండకూడదు. ప్రాణం మీద తీపి ఉండకూడదు."

"కోపం?"

"ఉండకూడదండీ."

"నేనైనా ఉండొచ్చా దాంట్లో?"

కాపలావాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. ఆయన ఇంకో పండు తీసి నా ఒళ్ళోకి విసిరారు. "తిను కుంచెగాడా. పోయేవాడికి బాగా మగ్గినవి పెడతారు."

ఆయన చేతిరాత చూశాను. బురదలో గుర్రం నడిచినట్టుంది. పద్యం కట్టడం కంటే ఆయన చేత అది రాయించడమే కష్టమయ్యేట్టుంది.

ఆరో తేదీ

రాలే ఆకు మీద ఒకటి కట్టి గురువుగారికి వినిపించాను.

"చచ్చేవాళ్ళందరూ రాలే ఆకులేనా? ఒక్కడైనా మనిషిలా చావడా?"

చింపేశాను.

ఏడో తేదీ

పద్యం రాలేదు.

తొమ్మిదో తేదీ

పద్యం రాలేదు. జిన్‌పచి గారి భార్య ఒరికు అమ్మ వచ్చింది. బక్‌వీట్ పిండితో చేసిన ఉండలు తెచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"ఉప్పు బాగానే పడింది," అన్నారాయన, తింటూ.

"దారి తెరిచారుగా. బజారులో ఎంత కావాలంటే అంత దొరుకుతోంది."

"అయితే నేను మంచి ధరే పలికానన్నమాట."

ఆమె చేతిలో ఉన్న ఉండ ఆయన మీదికి విసిరింది. ఆయన దాన్ని గాల్లోనే పట్టుకుని నోట్లో వేసుకున్నారు. అలాంటివి చూస్తే రాయాలనిపిస్తుంది. కానీ చివరి పద్యంలో భార్య ఉండకూడదు.

వెళ్ళిపోతూ నన్ను పక్కకు పిలిచింది. "బాబూ, నాకు అక్షరం ముక్క రాదు. అడుగుతున్నానని ఏమీ అనుకోకు. పద్యం బాగా కుదిరితే వాళ్ళ ప్రభువు మనసు కరుగుతుందా?"

"కరగడానికి కాదమ్మా. మన ఒకితా వంశం పరువు కోసం."

"ఓహో," అంది. "పరువు కోసమా."

నేను ఉన్న మాటే చెప్పాను.

పన్నెండో తేదీ

దొరికింది!

గురువుగారు పిండి పట్టించుకు రమ్మని మిల్లుకు పంపారు. దారిలో వరి కోసేసిన చేలో ఒక దిష్టిబొమ్మ మిగిలిపోయి ఉంది. చేతిలో వెదురు విల్లు, దాని మీద రెల్లు బాణం. ధాన్యం ఎప్పుడో ఇంటికి చేరింది. ఇది మాత్రం ఇంకా గురిపెట్టే ఉంది. పిండి బస్తా నేల మీద దించి అక్కడే నిలబడిపోయాను. మాట ఒకటి తగిలితే ఒళ్ళు ఎలా అవుతుందో ఎవరికి చెప్పేది? చెవుల దాకా వేడెక్కింది.

ఖాళీ చేలో
దిష్టిబొమ్మ చేతిలో
విల్లు ఇంకా వంగే ఉంది
వదలని బాణం మీద
వాలింది తూనీగ

నిజానికి బాణం మీద ఏమీ వాలలేదు. వట్టి బాణమే. అయినా అక్కడ ఏదో ఒకటి వాలాలి. తూనీగ ముందుకే తప్ప వెనక్కి ఎగరదని యోధులు దాన్ని శిరస్త్రాణాల మీద చెక్కించుకుంటారు. పైగా ఖాళీ చేను ఏ కాలానికైనా చెల్లుతుంది, తూనీగ శరత్తుకే చెందుతుంది. ఆ ఒక్క మాటతో కాలమూ కుదిరింది, వీరమూ కుదిరింది.

గురువుగారు రెండోసారి చదవమన్నారు. మూడోసారి అడగలేదు. "బాగుంది," అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి. అయితే అన్న తీరు సంతోషంగా లేదు.

పదమూడో తేదీ

జిన్‌పచి గారికి వినిపించాను.

"దిష్టిబొమ్మనా నేను?"

"అలా కాదండీ, అది..."

"అలాగేరా. చేను కోసుకున్నాక దాంతో ఏం పని?" చాలాసేపు నవ్వారు. తర్వాత, "బాగానే కనిపెట్టావు. మరి తూనీగ ఎందుకు?"

"అది వెనక్కి ఎగరదండీ."

"నేను ఎగురుతానురా. దారి ఉంటే ఇప్పుడే ఎగిరిపోతాను." కాపలావాళ్ళ వైపు చూసి, "ఏరా, ఎగరనా?" అన్నారు. ఈసారి వాళ్ళు నవ్వలేదు.

పద్యంలో ఆ మాట గొప్పతనం ఆయనకు మెల్లగా తెలుస్తుందిలే. రాయడం మొదలుపెట్టించాను. మొదటి నాలుగు పాదాలు ఎలాగో సాగుతున్నాయి. తూనీగ దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగిపోతోంది.

పద్నాలుగో తేదీ

పద్యం ఇంకా అంతే బాగుంది. పొద్దున లేవగానే చూసుకున్నాను.

పద్దెనిమిదో తేదీ

ఈ రోజు మఠమంతా పండగలా ఉంది.

కురామోచి వాళ్ళ దగ్గర్నుంచి కోటకు కబురొచ్చింది. వాళ్ళ ప్రభువు ఉత్తరాన మరో పోరుకు సిద్ధమవుతున్నాడట. నెలాఖరులోగా కార్యం కానిస్తే సరే, కుదరకపోతే పదో నెల మధ్యలో పెట్టుకుందాం, మీ ఇష్టం అన్నారట. రోజు ఖాయం చేసేది ఇసొగాయ్ గారు.

గురువుగారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"విను. రాజధాని నుంచి మా పెద్దస్వామి ఇటే వస్తున్నారు. పదో నెల మొదట్లో కురామోచి కోటలో ఉంటారు. ఆ ప్రభువు తల వంచేది భూమ్మీద ఆయనొక్కడి ముందే. ఈ మనిషిని నాకు శిష్యుడిగా ఇవ్వు అని ఆయన అడిగితే కాదనడు. జిన్‌పచి గుండు చేయించుకుని ఇక్కడే వాకిలి ఊడుస్తాడు. నేను మాట తీసుకున్నాను. మనకు కావలసిందల్లా పదో నెల. తెలిసిందా?"

"తెలిసిందండీ."

"ఎల్లుండి పద్యం వినడానికి మంత్రి నిన్ను పిలిచాడు. నేను వెళ్తే బతిమాలడానికి వచ్చాననుకుని మొండికేస్తాడు. నువ్వు పద్యం సంగతి కదా మాట్లాడేది. ఏ నెలైనా పరవాలేదండీ అను. అంతే. ఇంకేమీ అనకు."

జిన్‌పచి గారికి అప్పటికే తెలిసిపోయింది. జుట్టు వెనక్కి నొక్కిపట్టి ఒరికు అమ్మకు చూపిస్తున్నారు. "ఎలా ఉంటానే గుండుతో?"

"ఉడకేసిన చేమదుంపలా."

"మఠంలో భార్యను ఉండనివ్వరట కదా కుంచెగాడా?"

"ఉండనివ్వరండీ."

"పోనీలే, గోడ అవతల ఉంటుంది. ఉండలు విసురుతుంది, నేను పట్టుకుంటాను."

ఆమె నవ్వడం మొదటిసారి విన్నాను. అందరికీ సంతోషంగా ఉంది. నాకూ సంతోషమే.

సాయంత్రం పద్యాన్ని మళ్ళీ తీసి చూశాను. పదో నెలతో శీతాకాలం మొదలు. తూనీగలు ఉండవు.

పంతొమ్మిదో తేదీ

చివరి మాట మార్చి చూశాను. కొంగ. కుదరలేదు. వాన. కుదరలేదు. వెన్నెల. మరీ అన్యాయం. దేన్ని పెట్టినా పద్యం కుంటుతోంది. తూనీగ తీసేస్తే మిగిలేది దిష్టిబొమ్మే.

ఇరవయ్యో తేదీ

కోటకు వెళ్ళాను. పద్యం చదివాను. ఇసొగాయ్ గారు కళ్ళు మూసుకుని విని, "అబ్బాయ్, ఇది నీదేనా?" అని రెండుసార్లు అడిగారు. నెలాఖరు రోజే ఖాయం చేశారు. ఆయన నిర్ణయం అది.

కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పడుకుంటాను.

ఇరవై ఒకటో తేదీ

నిన్న సరిగా రాయలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, రాయకూడనిది ఏమీ లేదు కనుక.

పద్యం విన్నాక ఇసొగాయ్ గారు అడిగారు: "కురామోచి వాళ్ళు పదో నెల మధ్యలో అయినా సరేనంటున్నారు. మాకు తొందరేమీ లేదు. అప్పటికీ ఈ పద్యం పనికొస్తుందా?"

గురువుగారు చెప్పమన్న మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆయన అడిగింది పద్యం గురించి. పద్యం గురించి అబద్ధం ఎలా చెప్పడం? నాకు ఉన్నది అదొక్కటే.

"రాదండీ. తూనీగ శరత్కాలపు మాట. పదో నెలలో చదివితే తప్పుపడతారు."

"ఇంకోటి కట్టగలవా?"

"కట్టగలనండీ. కానీ ఇంత బాగుండదు."

ఇది కూడా నిజమే.

ఆయన పద్యం ఉన్న కాగితాన్ని వెలుగులో పట్టుకుని చూశారు. "ఇలాంటిది వాళ్ళ ముఖాన కొట్టే అవకాశం మళ్ళీ రాదు," అన్నారు. "నెలాఖరని రాసి పంపండి." తర్వాత నన్ను చూసి నవ్వారు. "జిన్‌పచి అదృష్టవంతుడు. నేను పోయేనాడు నువ్వే కట్టాలి సుమా."

జిన్‌పచి గారి ప్రాణం గురించి గానీ పెద్దస్వామి గురించి గానీ ఎవరూ నన్ను అడగలేదు. నెల ఖాయం చేసే అధికారం నాకు లేదు. నేను శిష్యుణ్ణి. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాను.

గురువుగారు విని, "నీకు అక్షరాలు నేర్పాను," అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇరవై రెండో తేదీ

జిన్‌పచి గారికి భటులు చెప్పేశారట. గదిలోకి వెళ్ళేసరికి కాగితాలు ముందు పరుచుకుని రాసుకుంటున్నారు. తలెత్తలేదు.

"పదో నెలకు పనికిరాదన్నావట."

"పద్యం గురించి అడిగారండీ."

"మరి ఇంకోటి కట్టరాదట్రా?"

"ప్రయత్నించానండీ. కుదరలేదు."

"ఎన్నాళ్ళు ప్రయత్నించావు?"

ఆయన ముందున్న కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"చెత్తది కట్టరాదూ. నాకు చెత్తదైనా చాలు. నేను గుర్రాలవాణ్ణి, పరువు నాకెందుకురా? అసలు వాళ్ళు నా పేగులు చూడ్డానికి వస్తున్నారు గానీ పద్యం వినడానికా?"

ఆయన గొంతు పెద్దది కాలేదు. అయినా గుమ్మం దగ్గర కాపలావాడు బయటికి వెళ్ళిపోయాడు.

"మీ పేరు నిలిచిపోతుందండీ," అన్నాను. "వందేళ్ళ తర్వాత కూడా..."

"వందేళ్ళు!" అని, కుంచె సిరాలో ముంచి నా ముక్కు మీద చుక్క పెట్టారు, పసివాడికి పెట్టినట్టు. "పోరా. రేపు రా. రాయిద్దువుగాని."

గుమ్మం దాటాక ముక్కు తుడుచుకున్నాను. ఇంకెవరైనా అయితే కొట్టేవారేమో. ఆయనకు కోపం లేదు. అదే నాకు ధైర్యం.

ఇరవై నాలుగో తేదీ

చేతిరాత మెరుగుపడింది.

ఇరవై ఐదో తేదీ

ఒరికు అమ్మ నాతో మాట్లాడలేదు. ఉండలు మాత్రం నాకూ పెట్టింది. తిన్నాను.

ఇరవై ఏడో తేదీ

పెద్దస్వామి కొండకు అవతలి ఊరు చేరారని కబురు. గురువుగారు నన్ను పిలవలేదు. తానే కర్ర పట్టుకుని, దారి తడుముకుంటూ కోటకు వెళ్ళారు. నేను వెనకే కొంతదూరం నడిచాను, పడిపోతారేమోనని. కోట ద్వారం దగ్గర మధ్యాహ్నం దాకా నిలబెట్టి, మంత్రిగారికి తీరిక లేదని చెప్పి పంపేశారు. తిరిగి వస్తూ వాగులో జారిపడ్డారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకున్నారు. ఎవరి చెయ్యో తెలియగానే వదిలేశారు.

ఇరవై తొమ్మిదో తేదీ

రేపటి కోసం ఆవరణలో ఇసుక పోశారు. తెల్లటి తెర కట్టారు. కురామోచి దూతలు వచ్చి దిగారు. వాళ్ళలో ఒకడు చాపలు తడిమి చూసి, "మెత్తగా ఉన్నాయే, మేం నిద్రపోతామేమో," అన్నాడు. మనవాళ్ళు పళ్ళు కొరుక్కుంటూ నవ్వారు. రేపు చూస్తాడులే.

జిన్‌పచి గారు పద్యాన్ని చూడకుండా రాసి చూపించారు. తప్పు లేదు. తూనీగ దగ్గర కూడా కుంచె ఆగలేదు.

"భయంగా ఉందా అండీ?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు.

"చచ్చేంత," అన్నారు. తానే నవ్వబోయి ఆపుకున్నారు.

ముప్పయ్యో తేదీ

అయిపోయింది.

పొద్దున లేచేసరికి ఆవరణలో పోసిన ఇసుక మీదంతా మంచు పట్టి ఉంది. తొలి మంచు. ఈ ఏడు ముందుగా పడింది. చెప్పులు వేసుకున్నా కాళ్ళు కొరికింది.

కురామోచి దూతలు ఎడమ వైపు, మనవాళ్ళు కుడి వైపు. నన్ను ఇసొగాయ్ గారి వెనక కూర్చోబెట్టారు. రెండు వంశాల పెద్దల మధ్య, కొన్ని అడుగుల దూరంలో నేను! జిన్‌పచి గారు తెల్ల బట్టల్లో నడిచి వచ్చారు. సన్నబడ్డారు. తెర దాటగానే ఆగి, నేల మీద మంచును కాసేపు చూశారు. ఎవరో దగ్గారు. వచ్చి కూర్చున్నారు.

ముందు సారాయి. తర్వాత కాగితం, కుంచె. ఆయన తొందరపడకుండా రాశారు. చివర కుంచె కాస్త ఆగింది. మళ్ళీ తూనీగ దగ్గర తడబడుతున్నారనుకున్నాను. ఇసొగాయ్ గారు కాగితం తీసుకుని, చూడకుండానే వెనక్కి నాకందించారు. "చదువు. గట్టిగా."

నిలబడ్డాను. ఖాళీ చేలో. దిష్టిబొమ్మ చేతిలో. విల్లు ఇంకా వంగే ఉంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కురామోచి వాళ్ళ పెద్ద దూత తల ఇటు తిప్పాడు. వదలని బాణం మీద...

కాగితం మీద తూనీగ లేదు. "వాలింది తొలి మంచు" అని ఉంది. బురదలో గుర్రం నడిచిన ఆ అక్షరాల్లో, స్పష్టంగా.

"వాలింది తూనీగ," అని చదివాను.

జిన్‌పచి గారు తల తిప్పి నన్ను చూశారు. మేమిద్దరం ఎంత దగ్గరగా ఉన్నామంటే ఆయన గొంతు పెంచాల్సిన పని లేకపోయింది.

"కంటికి మంచే కనిపించిందిరా," అన్నారు. తప్పు దిద్దినట్టు కాదు, నాకు చూపిస్తున్నట్టు. తర్వాత ముందుకు తిరిగి కత్తి అందుకున్నారు.

నేను కాగితం మడిచే పనిలో ఉన్నాను. ఆయన చేసిన చప్పుడు విన్నాను. వెనక నిలబడి మెడ తీయాల్సిన యువకుడి గురి తప్పి మొదటి వేటు భుజంలో దిగింది. రెండోదీ సరిగా తగలలేదు. మూడోది ఎప్పుడు పడిందో నేను చూడలేదు. మంచు మీద ఎర్రది పడితే పొగ లేస్తుంది. దానికి మాట ఏదైనా ఉందా అనిపించింది. ఆ సమయంలో అలా అనిపించకూడదు.

పెద్ద దూత లేచి బట్టలు దులుపుకుని, "పద్యం బాగుంది. కత్తిపనే ఇంకాస్త నేర్పించాల్సింది," అన్నాడు. వాళ్ళవాళ్ళు నవ్వారు. ఇసొగాయ్ గారి ముఖం నల్లబడింది. అయినా వెళ్తూ నా వీపు తట్టారు.

కాగితం భార్యకు ఇవ్వడం ఆచారం. ఒరికు అమ్మ ద్వారం బయట నిలబడి ఉంది. లోపల చదివింది ఆమెకు వినపడలేదు. కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అక్షరాల మీద బొటనవేలు నెమ్మదిగా పెట్టింది. ఇన్నాళ్ళ తర్వాత నాతో మాట్లాడింది.

"చివరి మాట ఎక్కడుందో తెలిసింది బాబూ. అదేం మాటో తెలీదు గానీ, అక్కడ చెయ్యి గట్టిగా నొక్కాడు. ఇంట్లో ఏదైనా ఖాయంగా చెప్పాలంటే ఇలాగే అరచేయి నొక్కేవాడు. ఇప్పుడు వద్దు, ఇప్పుడు నాకేమీ ఎక్కదు. రేపు వచ్చి చదివిపెడతావా? మధ్యాహ్నానికి పెద్దస్వామి వస్తారట. ఆయనకు చూపించే ముందు నేను వినాలి."

వస్తానన్నాను.

ఇప్పుడు గదిలో కూర్చుని ఆలోచిస్తున్నాను. ఆ మాట ఎలా ఉంటుందోనని ఒకసారి పైకి అని చూశాను. వదలని బాణం మీద వాలింది తొలి మంచు. మళ్ళీ అన్నాను. మంచు వాలడం. ఎంత మెల్లగా వాలి ఉంటే ఆ బొమ్మ కదలకుండా నిలబడి ఉంటుంది. తూనీగ అయితే ఎగిరిపోతుంది. మంచు ఎక్కడికీ పోదు. పంతొమ్మిదో తేదీన కొంగ అనుకున్నాను, వాన అనుకున్నాను, వెన్నెల అనుకున్నాను. ఇది తట్టలేదు.

కాని మంచు శీతాకాలపు మాట. ఈ రోజు ఇంకా తొమ్మిదో నెలే, పంచాంగం ప్రకారం శరత్తే. ఆ లెక్కన జిన్‌పచి గారిదే తప్పు. పదో నెలలో అయితే సరిగ్గా సరిపోయేది. అయితే అందులో అర్థమేమీ లేదు. కార్యం పదో నెలలో కాలేదు కదా.

పెద్దస్వామికి చదవడం వచ్చు. కాలాల సంగతి ఆయన కంటే తెలిసినవారు లేరు. ఆ కాగితం చూస్తే మొదట ఈ పద్యం ఏ నెల కోసం కట్టిందని అడుగుతారు. తర్వాత గురువుగారిని అడుగుతారు. గురువుగారు చెప్తారు.

జిన్‌పచి గారికి కాలం తెలియదని పెద్దవాళ్ళు అనుకోవడం నాకు ఇష్టం లేదు. రెండు వంశాలవాళ్ళూ తూనీగ అనే విన్నారు. అదే నిలవాలి. ఆయన అక్షరం నాకు బాగా తెలుసు, నేనే నేర్పాను. గుర్రం నడిచినట్టు ఎక్కడ వంపు తిరగాలో, చివర ఎక్కడ చెయ్యి నొక్కాలో కూడా తెలుసు. ఒక కాగితం ఇప్పటికే రాశాను. సరిగానే వచ్చింది.

రేపు పొద్దు పొడవక ముందే లేవాలి. ఈ చలికి సిరా గడ్డకడుతుంది కనుక నీళ్ళు వెచ్చబెట్టి ఇంకో రెండు కాగితాలు రాసుకుంటాను, వాటిలో బాగున్నది ఎంచుకోవచ్చు. పెద్దస్వామి కొండ దిగే లోపల ఒరికు అమ్మ ఇల్లు చేరాలి. కాగితం తడిసింది, కొత్త పొరలో పెట్టి ఇస్తాను అని ఆమె చేతిలోంచి తీసుకుంటాను. ఇచ్చేది ఇంకోటి ఇస్తాను. తర్వాత కూర్చుని, ఆమె ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, గట్టిగా, తూనీగ అని చదివిపెడతాను.